సార్వభౌముడు ఎవరు? తర్జుమా శాఖ నీడలో మౌదూదీ

ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్ర చెప్పబోయిన ప్రతివారూ తర్జుమా శాఖ దగ్గర కాసేపు ఆగుతారు. 1917లో ఏడో నిజాం ఫర్మానా, రెండేళ్లకు తరగతులు, ఉర్దూలో పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడానికి పుట్టిన దారుల్ తర్జుమా, దానికి తొలి సారథి మౌల్వీ అబ్దుల్ హఖ్, అక్కడ కొలువు చేసిన కవి జోష్ మలీహాబాదీ. ఈ వరస చాలామందికి కంఠతా వచ్చు. వరసలో సాధారణంగా వినిపించని పేరు ఒకటుంది: సయ్యద్ అబుల్ ఆలా మౌదూదీ. ఆయన అన్న అబుల్ ఖైర్ ఈ శాఖలోనే పనిచేశారు. మౌదూదీ కూడా ముల్లా సద్రా రాసిన బృహత్తర తత్వగ్రంథం 'అస్ఫార్'లో కొంత భాగాన్ని ఈ శాఖ కోసం అరబ్బీ నుంచి ఉర్దూలోకి తెచ్చారు. ఇరవయ్యో శతాబ్దపు ఇస్లామిక్ రాజకీయ చింతనను అంతగా మలుపు తిప్పిన మనిషిని లాహోరుకు అప్పగించేసి చేతులు దులుపుకోవడం చరిత్ర రచన అనిపించుకోదు. ఆయన ఆలోచనకు ఆయువుపట్టు అయిన సార్వభౌమత్వ సిద్ధాంతం హైదరాబాదు గాలి పీల్చి పెరిగిందని ఈ వ్యాసం వాదన.

మౌదూదీ 1903లో నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టారు. తండ్రి వకీలు. ఇంటి చదువు తర్వాత అదే ఊళ్లో మతవిద్యతో పాటు ఆధునిక శాస్త్రాలూ చెప్పే బడిలో చేరారు. తండ్రి జబ్బుపడటంతో చదువు మధ్యలోనే ఆగిపోయింది, పత్రికలే బతుకుతెరువయ్యాయి. ఢిల్లీలో జమియత్ ఉలేమా పత్రిక 'అల్ జమియత్'కు సంపాదకత్వం వహిస్తూ 1927లో జిహాద్ మీద వరుస వ్యాసాలు రాశారు. అంతకు ముందు డిసెంబరులో స్వామి శ్రద్ధానంద హత్య జరిగింది. ఇస్లాం కత్తి మతమన్న నింద దేశమంతా మారుమోగుతుంటే దానికి జవాబుగా మొదలైన రాత అది. 1928లో ఆ కొలువు వదిలి హైదరాబాదు చేరారు. 1938లో పంజాబుకు తరలిపోయే దాకా, ఇరవై అయిదు నుంచి ముప్పై అయిదేళ్ల వయసు వరకూ, ఆయన బతుకు ఎక్కువ భాగం ఈ రాజ్యంతోనే ముడిపడి ఉంది. మనిషి ఆలోచన గట్టిపడే కాలం అది.

ఆ కాలపు హైదరాబాదు ఎలా ఉండేది? పైకి, ఉపఖండంలోకెల్లా పెద్ద ముస్లిం సంస్థానం. లోపల చూస్తే జనాభాలో ముస్లింలు పదో వంతుకు కాస్త ఎక్కువ. జనంలో అధికులు మాట్లాడేవి తెలుగు, మరాఠీ, కన్నడం. దేశభాషలో ఉన్నత విద్య అని ఉస్మానియాను మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. అయితే ఆ దేశభాష నూటికి ఎనభైమందికి పైగా అమ్మభాష కాదు. 1921లో ఇదే నగరంలో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేస్తే, ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతటి రాజ్యానికీ అసలు అధికారం ఎంత? బేరారు ప్రాంతం తిరిగి ఇమ్మని నిజాం బ్రిటిషు వారితో సమాన స్థాయిలో వాదించబోతే, 1926 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ ఉత్తరం రాశారు. భారతదేశంలో బ్రిటిషు రాచరికానిదే సర్వాధిపత్యం, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా కూర్చుని బేరమాడలేడని దాని సారాంశం. ఆలా హజ్రత్ అనిపించుకునే ప్రభువు ఆ ఒక్క ఉత్తరంతో మరొకరి చేతి కింద మనిషిగా తేలిపోయారు.

రెండేళ్ల తర్వాత ఆ నగరానికి వచ్చిన మౌదూదీ, నిజాం ఆసఫియా రాజ్యానికీ బ్రిటిషు ప్రభుత్వానికీ ఉన్న సంబంధాల మీద ఒక పుస్తకం రాశారు. దక్కన్ రాజకీయ చరిత్ర కూడా రాశారు. మతగ్రంథాల మాటున ఈ పుస్తకాలు మరుగున పడిపోయాయి గాని, వాటిని పక్కన పెడితే ఆయన తర్వాతి సిద్ధాంతం గాల్లోంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. సింహాసనం మీద ముస్లిం కూర్చున్నంత మాత్రాన రాజ్యం ఇస్లాంది కాదన్నది ఆయన పదేపదే చెప్పిన మాట. ఆధిపత్యం రాజుది కాదు, జాతిది కాదు, జనానిది కూడా కాదు, అల్లాహ్ ఒక్కడిదే అన్నది ఆయన 'హాకిమియ్యత్' సిద్ధాంతం. సార్వభౌముడు ఎవరన్న ప్రశ్న 1920లలో హైదరాబాదు దర్బారును వేధించిన ప్రశ్నే. మౌదూదీ దాన్ని దర్బారులోంచి తీసి ఖురాన్ ముందు పెట్టారు. 1932 ప్రాంతంలో ఇక్కడే తన చేతికొచ్చిన మాసపత్రిక 'తర్జుమానుల్ ఖురాన్' అందుకు వేదికైంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఆధిపత్యం దేవుడిదే అన్న మాట ఇస్లాం తొలి శతాబ్దంలోనే ఖారిజీలు లేవనెత్తారని, దానికి హైదరాబాదు దాకా రానక్కర్లేదని పండితులు అనవచ్చు. నిజమే. కాని ఖారిజీల నినాదంలో రాజ్యాంగం, శాసనసభ, ఎన్నిక, పార్టీ లేవు. మౌదూదీ దైవాధిపత్యాన్ని ఆధునిక రాజ్యం కొలతలకు కత్తిరించి కుట్టారు. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: ఆయన రాజకీయం పండింది పంజాబులో. 1941లో లాహోరులో డెబ్భై అయిదు మందితో జమాఅతె ఇస్లామీని స్థాపించింది అక్కడే, సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించింది 1953లో అక్కడే. శిక్ష ఆ తర్వాత తగ్గించారు. ఖురాన్ వ్యాఖ్యానం 'తఫ్హీముల్ ఖురాన్'ను 1942లో మొదలుపెట్టి 1972లో ముగించిందీ ఆ గడ్డ మీద ఉన్న కాలంలోనే. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక్క మాట. సంస్థ కట్టింది లాహోరులో కావచ్చు, దాని నమూనా గీసింది మాత్రం హైదరాబాదులో.

ఇలాంటి వ్యక్తిని విశ్వవిద్యాలయ చరిత్రలోకి తేవడం ఆయన సిద్ధాంతానికి దండ వేయడం కాదా అని అడిగేవారికి జవాబు ఆయన రాతల్లోనే ఉంది. ఆయన రాజ్యంలో ముస్లిమేతరులకు ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ, సొంత మతధర్మం ఉంటాయి, విధానాలు నిర్ణయించే పీఠాలు ఉండవు. 1953 నాటి అహ్మదీ వ్యతిరేక అల్లర్ల మీద పాకిస్తాన్‌లో జస్టిస్ మునీర్ విచారణ జరిపారు. మీ లెక్కే భారత ప్రభుత్వం పాటించి ముస్లింలను మనుధర్మం ప్రకారం శూద్రులుగా, మ్లేచ్ఛులుగా చూస్తే సమ్మతమేనా అని అక్కడ అడిగితే, అభ్యంతరం లేదని మౌదూదీ జవాబిచ్చారు. సిద్ధాంతాన్ని చివరిదాకా లాగిన నిజాయితీ ఆ జవాబులో ఉంది, కోట్లమంది బతుకుల పట్ల నిర్దయా ఉంది. తుపాకీ పట్టమని ఆయన పార్టీకి చెప్పలేదు, ఎన్నికల దారినే పట్టారు. 1965 ఎన్నికల్లో అయూబ్ ఖాన్‌కు ఎదురుగా ఒక మహిళను, ఫాతిమా జిన్నాను, బలపరిచారు. అయినా పదిమందిలో ఒకరి ఆధిపత్యం తక్కిన తొమ్మండుగురికీ ఏమిటో కళ్లారా చూడగల రాజ్యంలో పెరిగి కూడా, దాని నుంచి ఆయన నేర్చుకున్నది పాలకుడిలో ధర్మం తక్కువైందని మాత్రమే. పాలితుల్లో సమ్మతి లేదన్నది ఆయన లెక్కలోకి రాలేదు. మౌదూదీ మీద మన నగరం మోపగల అసలు అభియోగం ఇదే. ఆయన్ను తప్పుపట్టింది పరాయివారే కాదు. ఒకప్పుడు జమాఅత్‌లో ఉన్న వహీదుద్దీన్ ఖాన్ 1963లో, లక్నో పండితుడు అబుల్ హసన్ అలీ నద్వీ 1978లో, ఆయన మతాన్ని రాజకీయానికి లోబరిచారని విడివిడిగా పుస్తకాలే రాశారు.

దారుల్ తర్జుమా భవనంలో 1955లో అగ్నిప్రమాదం జరిగి చాలా కాగితాలు బూడిదయ్యాయి. మిగిలిన వాటిలోంచి ఆ శాఖ అనువాదకుల జాబితా ఒకటి తయారుచేసి అచ్చు వేయాల్సిన పని విశ్వవిద్యాలయానిది. అందులో అబ్దుల్ హఖ్, జోష్‌ల సరసన మౌదూదీ పేరూ ఉండాలి. పక్కనే ఆయన్ను ఖండించిన పుస్తకాల పేర్లు కూడా వేయండి.