గొంతెత్తమని వేడుకున్న ఏలిక

యాభై ఆరేళ్ల పాటు ఒకే ఇంటివాళ్లు ఏలిన దేశం గాబన్. ఆఫ్రికా పడమటి తీరాన, భూమధ్యరేఖ దాటే చోట, నూటికి ఎనభై పాళ్లకు పైగా అడవి కప్పుకున్న నేల. జనం దాదాపు పాతిక లక్షలు. నేల కింద చమురుంది, మాంగనీసుంది. తలసరి ఆదాయం లెక్క తీస్తే ఆఫ్రికాలో కలిగిన దేశాల వరుసలో నిలుస్తుంది. రాజధాని లిబ్రెవిల్ మురికివాడల్లోకి వెళ్తే ఆ కలిమి ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోయిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

1967లో తొలి అధ్యక్షుడు లియోన్ ఎంబా చనిపోతే గద్దెనెక్కిన ఒమర్ బొంగో 2009 జూన్‌లో బార్సిలోనాలో కన్నుమూసేదాకా దిగలేదు. దాదాపు 42 ఏళ్లు. పగవాణ్ణి జైల్లో పెట్టడం కన్నా మంత్రిని చేసుకోవడం చవకని ఎరిగిన మనిషి ఆయన. నోరున్నవాడికల్లా చమురు డబ్బుతో ఏదో ఒక పదవి చూపించేవాడు. అలా నోళ్లు మూయించడానికి పెద్దాయనకు సంచి ఉండేది. కొడుకు కాలానికి ఆ సంచి పలచబడింది. 2014 తర్వాత చమురు ధర పడిపోయింది, ఖజానా బిగుసుకుంది. నోళ్లు మూయించే అవసరం మాత్రం పెరిగింది.

ఆ కొడుకు అలీ బొంగో గొంతు విలువ తెలియనివాడేమీ కాదు. తల్లి పేషెన్స్ దబానీ దేశమంతా ఎరిగిన గాయని. తనూ కుర్రతనంలో ఫంక్ పాటల ఆల్బమ్ ఒకటి చేశాడు. తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు, పదేళ్లు రక్షణ మంత్రిగా ఉన్నాడు. తండ్రి పోయిన ఏడాదే జరిగిన ఎన్నికలో దాదాపు 42 శాతం ఓట్లతో గెలిచానన్నాడు. ఒప్పుకోని జనం చమురు పట్టణం పోర్ట్ జెంటిల్‌లో వీధికెక్కారు, ఫ్రాన్స్ కాన్సులేట్‌కు నిప్పు పెట్టారు. అది మొదటి హెచ్చరిక.

రెండోది 2016లో వచ్చింది. ఎదురు నిలిచింది జాన్ పింగ్. ఒమర్ కాలంలో మంత్రి, ఆఫ్రికన్ యూనియన్ కమిషన్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు. ఒమర్ కూతురు పాస్కలీన్‌తో ఇద్దరు పిల్లలున్నవాడు. అంటే పోరు ఒక రకంగా ఇంటిలోపలిదే. ఆగస్టు 27న ఓట్లు పడ్డాయి, 31న ఫలితం చెప్పారు. అలీకి 49.80 శాతం, పింగ్‌కు 48.23. తేడా 5,594 ఓట్లు. చివరిదాకా వెనకబడ్డ అలీని గట్టెక్కించింది బొంగోల సొంత ప్రావిన్స్ ఓట్ ఒగోవే. దేశం మొత్తమ్మీద అరవై శాతం కూడా పోలింగ్ లేని ఎన్నికలో అక్కడ 99.93 శాతం మంది వచ్చి ఓటేశారట, అందులో 95 శాతానికి పైగా అలీకే వేశారట. జబ్బున పడ్డవాళ్లు, ఊళ్లో లేనివాళ్లు, ఓటర్ల జాబితా వేశాక చనిపోయినవాళ్లు ఏ ప్రావిన్స్‌లోనైనా ఉంటారు. ఆ ప్రావిన్స్‌లో మాత్రం లేరన్నమాట.

ఆ సాయంత్రమే జాతీయ అసెంబ్లీ భవనం తగలబడింది. రాత్రి పింగ్ ప్రచార కార్యాలయం మీద భద్రతా దళాలు విరుచుకుపడ్డాయి. ఎందరు పోయారన్నది సర్కారు ఒకలా, ప్రతిపక్షం మరోలా చెప్పాయి. సరిచూద్దామంటే దారి లేదు, అప్పటికే ఇంటర్నెట్ ఆగిపోయింది. నాలుగైదు రోజుల తర్వాత తెరిచారు గానీ, పగటికే. సాయంత్రం ఆరవగానే ఆపేస్తారు, తెల్లవారి ఆరింటికి వదులుతారు. మనుషులకు కర్ఫ్యూ పెట్టడం విన్నాం, ఇక్కడ మాటకు పెట్టారు. రెండు వారాలకు పైగా అలాగే నడిచింది. రాజ్యాంగ న్యాయస్థానం సెప్టెంబర్ చివర్లో తీర్పు చెప్పి, అలీ ఆధిక్యాన్ని ఇంకాస్త పెంచి మరీ ఖాయం చేసింది.

ఎందుకంత భయం? ఓట్ల లెక్క ముగిశాక ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ ఒక ఫలితాల కాగితం రాస్తారు. దాన్ని ఫోన్‌లో ఫొటో తీస్తే చాలు. ఊరూరి కాగితాలు ఒకచోట చేరితే, రాజధానిలో ఒక గదిలో కూర్చుని చదివే అంకెలకు పోటీగా ఇంకో అంకె తయారవుతుంది. పింగ్ మనుషులు అడిగిందీ అదే, కేంద్రాల వారీగా మళ్లీ లెక్కపెట్టమని. కాబట్టి ఇంటర్నెట్ కోసం జనం చేసిన ఆక్రందన కాలక్షేపం కోసం కాదు. ఓటు లెక్కను ఓటేసినవాడే సరిచూసుకునే హక్కు కోసం.

ఆపడమూ పెద్ద పని కాదు. సముద్రం అడుగున వచ్చే కేబుల్ ఒడ్డెక్కే చోటు ఒకటి రెండు, దాన్ని జనానికి అందించే కంపెనీలు ఒకటి రెండు. అందులో ఒకటి మనకు తెలిసిన ఎయిర్‌టెలే. 2010లో భారతీ సంస్థ జైన్ కంపెనీ నుంచి ఆఫ్రికా వ్యాపారం కొన్నప్పుడు గాబన్ కూడా దాంతో వచ్చింది. సర్కారు లైసెన్సు మీద బతికే కంపెనీకి సర్కారు నుంచి ఫోన్ వస్తే చాలు. ఈ కష్టం ఎలా ఉంటుందో మన కోనసీమవాళ్లను అడిగినా చెబుతారు. 2022 మేలో జిల్లా పేరు గొడవకు అమలాపురం అట్టుడికినప్పుడు రోజుల తరబడి నెట్ ఆపేస్తే, ఇంటినుంచి పనిచేసే కుర్రాళ్లు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు చేరారు. కోనసీమకు గట్టు అవతల సిగ్నల్ ఉంది. గాబన్‌కు అవతలి గట్టు లేదు, దేశం మొత్తం ఒకేసారి చీకటైపోయింది.

వినపడే చోట ఉన్నవాళ్లు అరిచారు. పారిస్‌లో ట్రోకడేరో మైదానాన గాబన్ ప్రవాసులు వారం వారం గుమికూడారు. నెట్ ఆపొద్దంటూ ‘కీప్ ఇట్ ఆన్’ పేరిట దేశదేశాల సంఘాలు అదే ఏడాది మొదలుపెట్టిన ఉద్యమంలో గాబన్ పేరూ చేరింది. ఆ నవంబర్‌లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ గాంబియా రాజధాని బంజుల్‌లో సమావేశమై, ఇంటర్నెట్ అందుబాటును గౌరవించమని ప్రభుత్వాలను కోరుతూ తీర్మానం చేసింది. నెల తిరక్కుండానే ఆ గాంబియాలోనే ఎన్నికల ముందు రాత్రి నెట్ ఆగిపోయింది. కాగితం మీది మాటకు అంతే విలువ.

2018 అక్టోబర్‌లో రియాద్ వెళ్లిన అలీ బొంగోకు అక్కడే పక్షవాతం వచ్చింది. రాజభవనం చాలా రోజులు అసలు సంగతి చెప్పలేదు. చివరికి మొరాకోలో రికార్డు చేసిన నూతన సంవత్సర సందేశం ఒకటి విడుదల చేశారు. బిగుసుకున్న ముఖం, కదలని చెయ్యి, అరుదుగా కొట్టుకునే రెప్పలు. అది అసలు వీడియో కాదు, కంప్యూటర్‌తో చేసిన బొమ్మని లిబ్రెవిల్‌లో చాలామంది అనుకున్నారు. జబ్బుతో కుంగిన మనిషి నిజంగా ఎదురొచ్చి మాట్లాడినా నమ్మినవాడు లేడు. ఏళ్ల తరబడి కబుర్లు దాచిన ప్రభుత్వానికి నిజం చెప్పే రోజు వచ్చేసరికి వినేవాడు మిగలడు. వారం తిరిగేసరికి, 2019 జనవరి 7న, కొందరు సైనికులు రేడియో కేంద్రంలో చొరబడి తిరుగుబాటు ప్రకటించారు. పూట గడవకముందే అణిచేశారు. అప్పుడూ మొదట ఆగింది ఇంటర్నెట్టే.

ఆ తర్వాత రాజ్యం ఎవరు నడిపారన్నది జనం నోళ్లలో నానిన ప్రశ్న. భార్య సిల్వియా, కొడుకు నూరుద్దీన్ పేర్లే వినపడేవి. కర్ర పట్టుకుని మెల్లగా నడిచే అలీ మూడోసారి పోటీకి దిగాడు.

2023 ఆగస్టు 26, శనివారం. ప్రతిపక్షాలు వారం ముందు ఏకమై ఆల్బర్ ఒండో ఒస్సా అనే అర్థశాస్త్ర ఆచార్యుణ్ణి నిలబెట్టాయి. చాలాచోట్ల పోలింగ్ గంటల కొద్దీ ఆలస్యంగా మొదలైంది. విదేశీ విలేకరులకు అనుమతి దొరకలేదు. ఓట్ల లెక్క మొదలయ్యే వేళకు సమాచార మంత్రి ప్రభుత్వ టీవీలో కనపడ్డాడు. తప్పుడు వార్తలు, హింసకు పిలుపులు ఆపడానికి, మళ్లీ చెప్పేదాకా దేశమంతటా ఇంటర్నెట్ బంద్, రాత్రి ఏడు నుంచి కర్ఫ్యూ అన్నాడు. ఫ్రాన్స్ 24, ఆర్‌ఎఫ్‌ఐ, టీవీ5 మోండ్ ప్రసారాలూ ఆపించారు. ఈసారి 2016లాగా ఆలస్యం చేయలేదు, గొడవకు ముందే తాళం వేశారు. నాలుగు రాత్రులు దేశానికి ఏమీ తెలియలేదు.

కురుక్షేత్ర యుద్ధమప్పుడు ధృతరాష్ట్రుడు కళ్లు లేకపోయినా సంజయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెడ్డ కబురైనా సరే, చెప్పేవాడు కావాలనుకున్నాడు. ఈ ఏలిక తన సంజయుడి నోరే కుట్టేశాడు. ఫోన్లలో ఎగసే కోపం జనానికి ఎంత వార్తో, రాజుకూ అంత వార్తే. అది వినపడితే వీధిలో ఏముందో, బ్యారక్‌లో ఏముందో కాస్తయినా తెలిసేది.

30న తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, ఊరంతా నిద్రలో ఉండగా, ఎన్నికల సంఘం ఫలితం చదివింది. అలీకి 64.27 శాతం, ఒండో ఒస్సాకు 30.77. ఇంకా తెల్లారనే లేదు, అదే టీవీ తెర మీద పదిమందికి పైగా సైనికాధికారులు నిలబడి ఎన్నిక రద్దన్నారు, ప్రభుత్వ సంస్థలన్నీ రద్దన్నారు, సరిహద్దులు మూసేశామన్నారు. వాళ్ల నాయకుడు అధ్యక్షుడికి కాపలా కాసే రిపబ్లికన్ గార్డ్ అధిపతి జనరల్ బ్రైస్ ఒలిగి ఎంగెమా. ఒకప్పుడు ఒమర్ బొంగోకు అంగరక్షక అధికారి. ప్రమాదం ఫోన్లలో ఉందని అలీ దేశం మొత్తాన్ని మూగదాన్ని చేశాడు. అది తన గది బయటే తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది.

పొద్దెక్కేసరికి ఇంటర్నెట్ వచ్చింది. అలా వచ్చిన మొదటి రోజే ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. వెనక పుస్తకాల అర, కుర్చీలో ఒంటరిగా అలీ బొంగో. ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. నన్నూ నా వాళ్లనూ నిర్బంధించారు, కొడుకు ఎక్కడో ఉన్నాడు, భార్య ఇంకోచోట ఉంది, ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు, లోకంలోని మిత్రులంతా గొంతెత్తండి, గోల చేయండి అని పదే పదే వేడుకున్నాడు. నాలుగు రాత్రులు తన ప్రజలు ఉన్న స్థితే అది. మనవాళ్లు ఎక్కడున్నారో తెలియదు, ఏం జరుగుతోందో తెలియదు. వాళ్లకు గోల చేసే దారి లేకుండా చేసిన మనిషే ఇప్పుడు గోల చేయమంటున్నాడు. ఆ మాట బయటికి వెళ్లిందీ తను మూయించిన తీగ మీదే. లిబ్రెవిల్ నిజంగానే గోల చేసింది, సైనికులను భుజాలకెత్తుకుని. ఆయన వేడుకోలును పాటలో కలిపి చిందులేసింది. కుంగిన శరీరంతో కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. ఆ రోజు ఆయన సొంత జనంలో ఆ జాలి చూపినవాళ్లు అరుదు.

మిగతా కథ త్వరగా నడిచింది. భార్యాకొడుకులు జైలుకెళ్లారు. 2025 మేలో ముగ్గురూ అంగోలా రాజధాని లువాండాకు ప్రవాసం పోయారు. ఆ నవంబర్‌లో తల్లీకొడుకులకు, వాళ్లు లేకుండానే, ఇరవయ్యేసి ఏళ్ల శిక్ష పడింది. అంతకు ముందు ఏప్రిల్‌లో ఒలిగి ఎంగెమా తొంభై శాతానికి పైగా ఓట్లతో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

ఇంటర్నెట్ తెరిపించమని ఏడేళ్లుగా అడిగినవాళ్లకు అది చట్టంగా దక్కలేదు, కోర్టు తీర్పుగా దక్కలేదు. ఒక జనరల్ దయగా దక్కింది. తీగలు కలపమన్న ఆ జనరలే రాత్రి కర్ఫ్యూను మాత్రం అలాగే ఉంచాడు. ఆ తీగ ఎందుకు కావాలన్నారో ఆ పనీ కాలేదు. ఎన్నికనే రద్దు చేశారు గనక, ఆగస్టు 26న పెట్టెల్లో పడ్డ ఓట్లను ఎవరూ మళ్లీ లెక్కించలేదు. బొంగోల పాలన ముగిసింది. దాన్ని ముగించింది తమ ఓటేనా కాదా అన్నది ఆ రోజు వరుసలో నిలబడ్డ మనిషికి ఇక ఎప్పటికీ తెలియదు.