కాలం ఒక్కటైతేనే

మా నందికొట్కూరు వైపు పాత దస్తావేజుల్లో తేదీ అంటే శాలివాహన శకమో, ఫసలీయో, అరవై ఏళ్లకోసారి తిరిగివచ్చే సంవత్సర నామమో. ఏ కాగితానికా కాగితం సత్యమే; పది ఊళ్ల కాగితాలు ఒకచోట పేర్చినప్పుడే చిక్కు. వట్టి 'ప్రభవ' అని ఉంటే అది 1807 నాటిదా, 1867 నాటిదా?

మెయిన్‌ఫ్రేము కంప్యూటర్ల చరిత్రలోనూ ఇదే చిక్కు. యంత్రం ఒక్కటే అయితే దాని ట్రేస్, అనగా జాడల పట్టీ, దానికి చాలు. అనేక యంత్రాలు ఒకే పనిని పంచుకున్నాక లోపం ఒకచోట పుట్టి మరొకచోట బయటపడుతుంది. జాడలన్నీ ఒకచోట చేర్చినా, గడియారాలు రెప్పపాటు తేడాగా నడిస్తే ఫలితం ముందు, కారణం వెనుక పడి, నిర్దోషియైన యంత్రం దోషిగా తేలుతుంది.

అన్ని యంత్రాలకూ ఒకే కాలాన్ని అందించే 'సిస్‌ప్లెక్స్ టైమర్'ను ఐబీఎం 1990లో తెచ్చింది. 1994లో వచ్చిన ప్యారలల్ సిస్‌ప్లెక్స్‌లో 32 వ్యవస్థల దాకా కలిసి పనిచేయగలిగాయి. ఆపై సిస్టమ్ లాగర్ వాటి నమోదులను కాలక్రమం తప్పకుండా ఒకే ప్రవాహంగా కూర్చింది.

మెకంజీ దొర కోసం ఊరూరి చరిత్రలు సేకరించిన కావలి సోదరులకు అలాంటి గడియారం లేదు. దత్తమండలాల కైఫీయతులు ఒకచోట చేరాయి గాని, వాటి కాలాన్ని సరిచూసే పని చదువరులదే, అంటే మనదే.