సామాజిక మాధ్యమములలో శ్రామికుని స్థానము: హైదరాబాదు సమీక్షకులను గూర్చి ఒక పరిశీలన

సామాజిక మాధ్యమముల వలన ఉద్యోగులకు గలుగు ప్రమాదములను గూర్చి ఇటీవల వెలువడిన రచనలను చదివినప్పుడెల్ల నాకొక అసంతృప్తి మిగులుచున్నది. పోస్టు పెట్టి కొలువు పోగొట్టుకొన్నవానిని గూర్చియు, పై అధికారి కంటబడిన వాట్సాప్ సందేశమును గూర్చియు విరివిగా వ్రాయు పండితులు, ఆ పోస్టులను షిఫ్టంతయు కూర్చుండి చూచి, ఉంచదగినదేదో తొలగింపదగినదేదో నిర్ణయించు శ్రామికుని మాత్రము ఉపేక్షించిరి.

ఈ ఉపేక్షకు శాస్త్రగౌరవము కల్పించినవారు షొషానా జుబోఫ్ అని నా అభిప్రాయము. 2019లో వెలువడిన ‘ది ఏజ్ ఆఫ్ సర్వైలెన్స్ కాపిటలిజమ్’ అను ఉద్గ్రంథమున ఆమె, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల ఆధిపత్యమునకు మూలము మానవానుభవమును ముడిసరుకుగా గ్రహించుటయే యని ప్రతిపాదించిరి. 1988 నాటి గ్రంథమున కాగితపు గుజ్జు మిల్లుల కార్మికుల చెంత నిలిచి, కంప్యూటరు రాకతో వారి పనితనమున కేమి సంభవించెనో అంత శ్రద్ధతో వివరించిన విదుషియే, మూడు దశాబ్దముల పిమ్మట శ్రమను విడిచి వినియోగదారుని చేపట్టుట విచారకరము. ముడిసరుకు తనంతట తాను శుభ్రపడదు గదా!

శుభ్రపరచు ఆ చేతులలో కొన్ని హైదరాబాదులో నున్నవి. జెన్‌ప్యాక్ట్ అను కాంట్రాక్టు సంస్థ కార్యాలయమున సుమారు 1,600 మంది ఫేస్‌బుక్ నిమిత్తము పోస్టులను సమీక్షించుచున్నారని 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వెల్లడించినది. ఎనిమిది గంటల షిఫ్టులో 2,000 వరకు చూచితిమని వారిలో కొందరు చెప్పిరి. అనగా ఒక్కొక్క పోస్టునకు పదునాలుగు సెకనులు. ఉరి బిగించుకొనుచున్న యువతి వీడియో నిజమో నటనయో, పోలీసులకు తెలుపవలసినదో కాదో ఆ వ్యవధిలోనే తేల్చవలెను. తేల్చిన మరుక్షణమున తెరపై వేరొక దృశ్యము సిద్ధము. ఇంటికి పోయి చెప్పుకొందమన్న, కొలువులో చేరినప్పుడే గోప్యతా ఒప్పందముపై సంతకమైనది. 2,000 పోస్టుల లెక్కను ఫేస్‌బుక్ కాదన్నది. మానసిక సలహాదారులు గలరనియు చెప్పినది.

ఇట్టి పని వలన మనసు చెదరినదని కాలిఫోర్నియాలో 2018లో దాఖలైన వ్యాజ్యమునందు ఫేస్‌బుక్ 2020లో 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించుట కంగీకరించినది. ఆ పరిహారము అమెరికాలోని నాలుగు రాష్ట్రముల సమీక్షకులకే పరిమితము. పని యొకటే, గాయ మొకటే. వెల మాత్రము దేశమును బట్టి మారినది.

2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో వాట్సాప్‌ను ఫేస్‌బుక్ కొనుటచే దాని ఆధిపత్యము స్థిరపడెనని అర్థశాస్త్రజ్ఞులందురు. అదియు కొంత నిజమే. కాని కొన్న వేదికను నివాసయోగ్యముగా నిలుపునది సమీక్షకుని శ్రమయే గనుక, అది ఆగిన నాడు ఆ సామ్రాజ్యము ఒక్క దినమైనను నిలువజాలదు.

మన శాసనములును జుబోఫ్ బాటనే నడచినవి. 2021 నాటి ఐటీ నియమములు వినియోగదారునకు ఫిర్యాదుల అధికారిని చూపినవి. వాట్సాప్ గోప్యతా విధానము విషయమై కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థయైన మెటాకు విధించిన 213.14 కోట్ల రూపాయల జరిమానాయు వినియోగదారుని పక్షమునదే. 2025 నవంబరు వరకు అమలునందున్న 1923 నాటి పరిహార చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో సీసపు విషమునకు, సిలికోసిస్‌కు చోటుండెను. చూచి చూచి చెదరిన మనసునకు లేకపోయెను. వృత్తివ్యాధుల పట్టికలో ఈ వ్యాధిని చేర్చవలెను. తెరవెనుక కాంట్రాక్టరుతోబాటు, ఎవరి నిమిత్తము ఆ పని జరుగుచున్నదో ఆ సంస్థను గూడ పరిహారమునకు బాధ్యురాలిని చేయవలెను.