కాటుక నుండి రెప్పరంగు దాకా: కొవ్వలి స్మిత

ఆహార్యాభినయ చరిత్రలో కంటి అలంకరణను సౌందర్య చిహ్నంగానే గాక, వెలుతురుతో ముడిపడిన విద్యగా కూడ పరిశీలించవలసి ఉంది. నాట్యశాస్త్రం తెలుపు, నీలం, పసుపు, ఎరుపులను మూలవర్ణాలుగా పేర్కొని వాటి మిశ్రమాలను వివరించింది. కూచిపూడి భాగవతులు ముఖానికి హరిదళం పూసి, కంటికి కాటుక దిద్దారు. కదలాడే కాగడాల వెలుగులో కన్ను దూరానికి తెలియడానికి పసుపుపై నలుపు అనువైనది. నలుపు తెలుపు చిత్రాల్లో ఏ రంగైనా బూడిదఛాయగానే నమోదవుతుంది గనుక అక్కడి ఎంపిక ఛాయల గాఢతకు సంబంధించినది. వర్ణచిత్రాలు వచ్చాకనే రెప్పమీది నీలం నీలంగా కనిపించింది. అభ్రకం కలిసిన పూత వెలుతురును ప్రతిఫలింపజేసి రెప్పను ఉబ్బెత్తుగా చూపుతుంది; మెరుపులేని పూత లోతును స్ఫురింపజేస్తుంది.

ఈ దృష్టితో చూస్తే, ఏలూరు సమీపంలోని కొవ్వలిలో 1960లో జన్మించిన విజయలక్ష్మి జీవితం గమనింపదగినది. ‘వండిచ్చక్కరం’ (1980) అనే తమిళ చిత్రంలోని పాత్ర పేరుతో సిల్క్ స్మితగా ప్రసిద్ధి పొందకముందు ఆమె మద్రాసులో టచప్ పని చేశారు. ఆ పనిని పేదరికపు తొలిమెట్టుగా మాత్రమే చెప్పడం పరిపాటి. కాని దీపాల వేడికి చెదిరే పూతను షాట్ షాట్‌కూ సరిదిద్దడానికి రంగు, వెలుతురు, ముఖం మూడింటి ఎరుక కావాలి. దానిని శిక్షణగా గుర్తించినప్పుడే ఆమె నటజీవిత చరిత్ర, దానితోపాటు ఆహార్య చరిత్ర, సమగ్రమవుతాయి.