నయాగరాకు కట్టిన కంచెలు

అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూడ్డానికి వెళ్ళొచ్చిన మన తల్లుల కబుర్లలో నయాగరా తప్పకుండా ఉంటుంది. పడవెక్కామనీ, తడిసి ముద్దయ్యామనీ చెబుతారు. గట్టు మీద నిలబడి జలపాతం చూడ్డానికి టిక్కెట్టు లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ టిక్కెట్టు తీయించడానికి పెద్ద పోరాటమే జరిగింది.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వైపు గట్టంతా ప్రయివేటు ఆస్తి. ఒడ్డున మిల్లులూ హోటళ్ళూ లేచాయి. జలపాతం కనబడేచోట కంచె కట్టి, లోపలికి వెళ్ళాలంటే డబ్బిమ్మనేవారు. నీళ్ళు దేవుడివి, చూపు మాత్రం షావుకారుదన్నమాట! అంతటితో ఊరుకున్నారా? 1827లో హోటళ్ళవాళ్ళు జనాన్ని రప్పించడానికి ఒక పాత ఓడలో మూగజీవాల నెక్కించి జలపాతం మీదికి వదిలారు. 1859లో బ్లాండిన్ అనే ఫ్రెంచివాడు తాడు మీద నడిచి లోయ దాటాడు. ఇన్ని వింతల మధ్య నీళ్ళకేసి చూసే తీరిక ఎవరికి?

న్యూయార్కు సెంట్రల్ పార్కును తీర్చిదిద్దిన ఓల్మ్‌స్టెడ్ బాధ అదే. పూర్వం వచ్చినవాళ్ళు రోజుల తరబడి ఉండి తిరిగి చూసేవారు, ఇప్పుడు హడావిడిగా వచ్చిపోతున్నారన్నాడు. 1878లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ డఫరిన్ కూడా, రెండు దేశాలూ కలిసి ఆ తీరాన్ని కాపాడాలన్నాడు. ఈయనే తరువాత మనకు వైస్రాయిగా వచ్చాడు. మన ఆడవాళ్ళ వైద్యం కోసం 1885లో నిధి నెలకొల్పిన లేడీ డఫరిన్ ఆయన ఇల్లాలే.

ఎమర్సన్, రస్కిన్ వంటివాళ్ళు మహజరు మీద సంతకాలు పెట్టినా, గవర్నర్ కార్నెల్ ససేమిరా అన్నాడు. తరువాతి గవర్నర్ క్లీవ్‌లండ్ 1883లో చట్టం మీద సంతకం చేశాక గాని పని సాగలేదు. సుమారు 14 లక్షల డాలర్లు పోసి 412 ఎకరాలు కొన్నారు. అందులో 300 ఎకరాలు నీళ్ళ కిందే! 1885 జూలై 15న కంచెలు పోయి, ఆ గట్టు అందరిదీ అయింది.

వింతలు మాత్రం ఆగలేదు లెండి. 1901లో ఆనీ టేలర్ అనే పంతులమ్మ, తన 63వ పుట్టినరోజున, పీపాలో కూర్చుని జలపాతం దూకి బతికింది. డబ్బొస్తుందని ఆశపడింది, పాపం బీదరికంలోనే పోయింది. నేడు కెనడా వైపు క్లిఫ్టన్ హిల్ వీధినిండా మైనపు బొమ్మలూ, జెయింట్ వీలూ. జెయింట్ వీలు మన నాంపల్లి ఎగ్జిబిషన్‌లో లేదా?

ఆఖరికి నీళ్ళకీ వేళలు పెట్టారు. కరెంటు కోసం మళ్ళించగా, 1950 ఒప్పందం ప్రకారం యాత్రికుల కాలంలో పగలు లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వదలాలి. రాత్రిళ్ళూ, చలికాలమూ అందులో సగం చాలు.

వెళ్ళేవాళ్ళు గోట్ ఐలండ్ దీవి దాటి, ముగ్గురు అక్కచెల్లెళ్ళ దీవుల దాకా నడవండి. చిన్న చిన్న వంతెనలు, రాళ్ళు, పక్కనే ఉరికే నీళ్ళు. అక్కడ అమ్మేదేమీ లేదు. ఆ అక్కచెల్లెళ్ళు మాత్రం ఒకనాటి హోటలు యజమాని కూతుళ్ళే!