మసక గెలాక్సీల అన్వేషణ

ఆకాశాన్ని భాగాలుగా ఫోటో తీసి, కనిపించిన ప్రతి వెలుగునూ పట్టికకెక్కించే సర్వేకు తెలుగు నేల మీద తొలి పెద్ద వేదిక హైదరాబాదులోని నిజామియా వేధశాల. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన ఈ సంస్థ, నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాక, 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ నక్షత్ర పట్టికలో పాలుపంచుకుంది. శాంటియాగో వేధశాల పూర్తి చేయలేకపోయిన దక్షిణాకాశపు 17–23 డిగ్రీల మేరనూ, తర్వాత ఉత్తరాన 36–39 డిగ్రీల పట్టీనీ తలకెత్తుకుంది. రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నడిపిన ఈ పనిలో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. గాజు పలకల మీద చుక్క చుక్కనూ చేత్తో కొలిచిన ఆ ఓర్పుకు దక్కవలసినంత పేరు ఇప్పటికీ దక్కలేదు. అయితే ఆ పట్టిక గురి దాదాపు 11వ ప్రకాశ తరగతి నక్షత్రాలు, అంటే బిందువులు. పలచగా పరచుకున్న వెలుగు అందులోకి ఎక్కే వీలే లేదు. ఏ సర్వే అయినా తన పద్ధతికి చిక్కినదాన్నే చూపిస్తుంది. పట్టికలో లేనంత మాత్రాన ఆకాశంలో లేదనలేం.

ఇంకా ఎక్కువసేపు ఫోటో తీస్తే సరిపోదా అన్నది సహజమైన ప్రశ్న. సరిపోదు. చీకటి రాత్రిలో కూడా ఆకాశానికి సొంత వెలుగుంది; పలక మీద గెలాక్సీతో పాటు అదీ పేరుకుంటుంది. 1970లో ఖగోళ శాస్త్రవేత్త కెన్ ఫ్రీమన్ సర్పిల గెలాక్సీల పళ్లేలు చాలావరకు మధ్యలో ఒకే ఉపరితల ప్రకాశంతో, అంటే ఆకాశంలో ఒక్కో చిన్న చదరానికి ఒకే మోతాదు వెలుగుతో, ఉన్నాయని గమనించాడు. అది ప్రకృతి నియమం కాకపోవచ్చని, అంతకంటే మసకవి ఆకాశపు వెలుగులో మునిగిపోతే, మరీ కుదురుగా ఉన్నవి నక్షత్రాల్లా కనిపించి జారిపోతాయని 1976లో మైక్ డిస్నీ వాదించాడు. డేవిడ్ మాలిన్ పలకల మీది అతి పలచని ఛాయలను ఎత్తిచూపే పద్ధతి రూపొందించాక, కన్యారాశి గెలాక్సీ గుంపును వెతుకుతుండగా 1986లో మాలిన్-1 బయటపడింది. అది ఆ గుంపుకు ఇరవై రెట్లకు పైగా దూరంలో ఉన్న అతి భారీ గెలాక్సీ.

ఇలాంటివి విశ్వం మొత్తం కాంతికి చేర్చేది స్వల్పమే కదా, లెక్కలోకి రాకపోతే నష్టమేమిటి అని మరో అభ్యంతరం. కాంతి స్వల్పమే, పదార్థం కాదు. మాలిన్-1లో కొన్ని వేల కోట్ల సూర్యులకు సరిపడే హైడ్రోజన్ ఉంది. గెలాక్సీలు ఎలా పుడతాయో చెప్పే సిద్ధాంతం కళ్లకు ఇంపైనవాటినే లెక్కించి నిలవలేదు. 2015లో పీటర్ వాన్ డొక్కమ్ బృందం, కాంతి చెదరడాన్ని బాగా తగ్గించే కెమెరా లెన్సులను కట్టగట్టిన డ్రాగన్‌ఫ్లై దూరదర్శినితో, కోమా గెలాక్సీ గుంపు దిశలో 47 అతి విస్తృత గెలాక్సీలను చూపింది. కొన్ని పరిమాణంలో పాలపుంతకు దీటు, నక్షత్రాల మొత్తంలో దాని ముందు అతి స్వల్పం. అవి అంతకుముందు తీసిన చిత్రాల్లో లేకపోలేదు, విడిగా గుర్తించలేకపోయారు.

డిజిటల్ కెమెరాలు వచ్చినా చిక్కు తీరలేదు. ఆకాశపు వెలుగును తీసివేసే ప్రోగ్రామ్ మసక గెలాక్సీ అంచులనూ కలిపి తీసేయగలదు. మన గెలాక్సీలోని పలచని ధూళి అచ్చం గెలాక్సీలా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఇప్పుడు కృత్రిమ గెలాక్సీలను చిత్రాల్లో చొప్పించి, వాటిలో ఎన్ని తిరిగి దొరుకుతాయో పరీక్షిస్తున్నారు. ఈ పరీక్ష లేని గణాంకాన్ని నమ్మకూడదు. ఒక చిత్రంలో దొరికినదాన్ని మరో తరంగదైర్ఘ్యంలో సరిచూడటం ఇంకో దారి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత దూరదర్శిని మాలిన్-1 నడిమి భాగాన్ని చిత్రించింది.