సవారో పూతకొచ్చేలోపు

తెలుగిళ్ళల్లో బ్రహ్మకమలం పూసిందంటే చిన్న పండగే. రాత్రి పక్కింటివాళ్ళని పిలుస్తారు, ఫొటోలు తీస్తారు, కొందరు దీపం కూడా పెడతారు. నిజానికి మనం కుండీల్లో పెంచేది హిమాలయాల బ్రహ్మకమలం కాదు, మెక్సికో వైపు నుంచి ప్రపంచమంతా పాకిన ఒక కాక్టస్. కొమ్మ గుచ్చితే కొన్నేళ్ళలో పూస్తుంది. దాని దాయాది ఒకటి నేనుంటున్న అరిజోనాలో ఉంది. అదీ రాత్రే పూస్తుంది. కాకపోతే విత్తనం వేసినవాడు తొలి పువ్వు చూడాలంటే సుమారు 35 ఏళ్ళు ఆగాలి.

సగువారో అని రాస్తారు, సవారో అని పలుకుతారు. స్తంభంలా నిటారుగా 12 మీటర్ల పైదాకా లేచి, చేతులెత్తిన మనిషిలా కనిపిస్తుంది. కౌబాయ్ సినిమాల పోస్టర్ల మీద ఉండేది ఇదే. అంత మొక్కా మొదటి ఎనిమిదేళ్ళలో పెరిగేది అంగుళం, అంగుళంన్నర. పాలో వెర్దె, మెస్కీట్ లాంటి చెట్ల నీడన దాక్కుని పెరుగుతుంది. టూసాన్ ప్రాంతంలో తొలి పూత 35 ఏళ్ళకి, మొదటి చెయ్యి 50, 70 ఏళ్ళకి. ఆయుష్షు 150 ఏళ్ళ పైమాటే. పువ్వుకి మాత్రం ఒక రోజు కూడా లేదు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, పొద్దుపోయాక విచ్చుకున్న పువ్వు మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. తన పుప్పొడితో తనకి కాయ కట్టదు. రాత్రి గబ్బిలాలు, తెల్లవారాక గువ్వలు, తేనెటీగలు ఆ కాస్త వ్యవధిలోనే ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకి చేర్చాలి.

ఇక్కడి తొహోనో ఓఅదం ప్రజలకి కొత్త సంవత్సరం సవారో పళ్ళ కోతతో మొదలవుతుంది. ఎండిపోయిన సవారో లోపలి వాసాలతోనే దోటి కట్టి, జూన్ ఎండల్లో పళ్ళు రాలుస్తారు. రసం కాచి, పులియబెట్టి, వానని పిలిచే క్రతువులో తాగుతారు. చచ్చిన చెట్టు దోటిగా మారి బతికున్న చెట్టు పళ్ళని అందిస్తుందన్నమాట. అన్ని తరాలుగా ఆ చెట్లని ఎరిగిన వాళ్ళ తర్వాత శాస్త్రం వచ్చింది.

1848లో జార్జ్ ఎంగెల్మాన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1903లో కార్నెగీ సంస్థ టూసాన్ పక్కన టుమమోక్ గుట్ట మీద ఎడారి ప్రయోగశాల తెరిచింది. 1908లో బ్రిటన్, రోజ్ అనే వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని వేరే ప్రజాతిగా విడదీసి, ఆ సంస్థకి డబ్బిచ్చిన ఉక్కు వ్యాపారి పేరు మీదుగా కార్నెగియా అన్నారు. పేరు పెట్టడం తేలికే, ఈ మొక్క జీవితం చూడాలంటే ఒక ఉద్యోగకాలం చాలదు. 1910లోనే ఫారెస్ట్ ష్రీవ్ చిన్న మొక్కలు చాలినన్ని రావడం లేదని రాశాడు.

1933లో టూసాన్ తూర్పున ఒక గొప్ప సవారో అడవిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. కొన్నేళ్ళకే అక్కడి పెద్ద చెట్లు నల్లగా కుళ్ళి కూలడం మొదలెట్టాయి. కుళ్ళులో బ్యాక్టీరియా కనబడింది కాబట్టి దోషి అదే అనుకున్నారు. 1940ల మొదట్లో ఒక ప్రాంతంలో జబ్బు చెట్లని నరికి పూడ్చిపెట్టారు. అయినా చావులు ఆగలేదు. 1962లో ఆల్కార్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలు వేసి, ఇదే వేగమైతే శతాబ్దం ముగిసేలోగా ఆ అడవి మిగలదని తేల్చారు.

1970ల్లో స్టీన్‌బర్గ్, లోవ్ ఇంకో మాట చెప్పారు. ముసలి చెట్లని చంపింది ప్రధానంగా గడ్డకట్టించే చలి, బ్యాక్టీరియా వచ్చింది ఆ తర్వాత. చలిదెబ్బ తిన్న సవారో కొన్నేళ్ళ పాటు నిలబడే ఉండి అప్పుడు కూలుతుంది, అందుకే ఆ సంబంధం ఎవరికీ కనబడలేదు. మరి పిల్లమొక్కలు ఎందుకు లేవు? ఆ నేలలో దశాబ్దాలు పశువులు మేశాయి. సున్నపు బట్టీలకి చెట్లు కొట్టారు, నీడనిచ్చే చెట్లే పోయాయి. బట్టీలు ఆగి, పశువులు వెళ్ళిపోయాక చిన్న సవారోలు మళ్ళీ లేచాయి. శతాబ్దం ముగిసింది, అడవి ఉంది.

సాఫ్ట్‌వేర్ పనిలో మాకు రెండేళ్ళ లాగ్ ఉంటే చాలా పాత డేటా కింద లెక్క. 35 ఏళ్ళకి పూసేదాన్ని ఇరవై ఏళ్ళు చూసి మరణశాసనం రాయడం నాకు అందుకే చాలా పరిచితంగా అనిపిస్తుంది. అలాగని ఆ శాస్త్రజ్ఞులని ఎగతాళి చెయ్యలేను. వాళ్ళు ఎంచి, గుర్తుపెట్టి, రాసిపెట్టి వెళ్ళబట్టే తర్వాతివాళ్ళు ఆ తీర్పుని సరిదిద్దగలిగారు. టుమమోక్ మీద మొదలైన లెక్కింపుని మనుషులు మారుతూ ఇప్పటికీ కొనసాగిస్తున్నారు.

ఇప్పుడు భయం మళ్ళీ వచ్చింది. 1990ల నుంచి సాగుతున్న కరువులో కొత్త మొక్కలు చాలా తక్కువగా నిలుస్తున్నాయి. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. నగరంలో సవారోలు చేతులు రాల్చాయి, కొన్ని నిలువునా కూలాయి. పగటి ఎండకి ఈ మొక్క అలవాటు పడ్డదే. కానీ పువ్వే కాదు, ఊపిరి కూడా దానికి రాత్రి పనే: పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటుంది. ఆ వేసవి రాత్రులు చల్లబడలేదు.

1962 నాటి జోస్యం తప్పింది కదా, ఇదీ తప్పుతుందిలే అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు. అప్పుడు పశువులని తోలేస్తే సరిపోయింది, ఇప్పటి వేడిని కంచె వేసి ఆపలేం. రెండేళ్ళ కిందట నేను కుండీలో సవారో విత్తనాలు చల్లాను. మిగిలిన ఒక్క మొక్కా ఇప్పుడు శనగగింజంత ఉంది. అది పూసే వేళకి నాకు డెబ్భై దాటుతాయి. కుండీ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, విత్తిన తేదీ, ఎత్తు, నీళ్ళు పోసిన రోజులు రాస్తున్నాను. మా అమ్మాయికి అక్షరాలు వచ్చాక తర్వాతి పేజీలు తను రాస్తుంది.